ఎప్సిలాన్ దేనితో పోలిస్తే చిన్నది? ఆగకుండా తిరిగిన ఒక ప్రోగ్రాం కేస్ స్టడీ

నేపథ్యం

ఇంజనీరింగ్ డ్రాయింగులు చదివి, వాటిలోని వంపు గీతలు ఎక్కడెక్కడ ఖండించుకుంటాయో లెక్కగట్టే ప్రోగ్రాం ఇది. పాతది సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉండేది. చాలా ఏళ్లు నమ్మకంగా పనిచేసింది. రాసినవాళ్లెవరూ ఇప్పుడు అక్కడ లేరు. కొత్త టీమ్ దాన్ని సీ షార్ప్‌లోకి మార్చింది. టెస్టులన్నీ పాసయ్యాయి. విడుదల చేశాక కొన్ని ఫైళ్ల మీద లెక్క ఎంతకీ ఆగడం లేదని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ సంఖ్యలను కంప్యూటర్ పరిమితమైన అంకెల్లో దాచుకునే పద్ధతి) లెక్కలున్న కోడ్‌ను పరిశీలించడం నా వృత్తి కాబట్టి నన్ను పిలిచారు. సంస్థనూ మనుషుల్నీ గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ ఉంచలేదు.

ఒక లైన్ దిద్దితే పోయే లోపమైతే దీన్ని రాసే పని ఉండేది కాదు. ఎప్సిలాన్ ఒక గ్రీకు అక్షరం, మామూలుగా చాలా చిన్న పరిమాణానికి వాడతారు. టీమ్‌లో నలుగురు 'ఎప్సిలాన్' అనే ఒకే మాటను నాలుగు అర్థాల్లో వాడుతున్నారు. ఎవరి రంగంలో వాళ్ల అర్థం సరైనదే. నాలుగూ ఒకే కోడ్‌లో, ఒకే పేరు కింద చేరడంతో లెక్క చెడింది. ఇలాంటిది వేరే చోట్ల కూడా చూశాను గానీ, అన్నీ ఇంత స్పష్టంగా ఒకేచోట కనబడిన కేసు ఇదే.

వచ్చిన సమస్య

నా చేతికొచ్చేసరికి ఫిర్యాదులు మూడు రకాలుగా ఉన్నాయి. కొన్ని ఫైళ్ల మీద లూప్ (జవాబుకు దగ్గరయ్యేదాకా ఒకే లెక్కను మళ్లీ మళ్లీ చేసే భాగం) ఆగదు. మరికొన్నింట్లో ఖండన బిందువుకు బదులు 'సంఖ్య కాదు' అనే విలువ కనబడుతుంది, అక్కడా లూప్ ఆగదు. మూడోది, మొదటిదాన్ని సరిచేయబోయాక వచ్చింది: డ్రాయింగులో ఉండాల్సిన చిన్న రంధ్రాలు మాయమవుతున్నాయి.

ఇవి కాక, చాలాకాలం కిందటే మూసేసిన ఒక టికెట్ (లోపాన్ని నమోదు చేసే పత్రం) దొరికింది. అందులో టెస్టింగ్ చేసినవారు రాసింది ఒక్కటే వాక్యం: 'పాత ప్రోగ్రాం జవాబుకీ కొత్తదానికీ తేడా ఎప్సిలాన్.' దాని కింద ముగ్గురు 'సరే' అని రాశారు. ముగ్గుర్నీ విడివిడిగా కూర్చోబెట్టి, ఆ వాక్యం చదివినప్పుడు ఎంత తేడా అనుకున్నారని అడిగాను. ఒకరు పదహారో దశాంశంలో అన్నారు. ఒకరు ఎంతైనా సరే పట్టించుకోనక్కర్లేనంత అన్నారు. మూడోవారు కోడ్‌లో ఎప్సిలాన్ అని రాసి ఉన్న విలువ కంటే తక్కువ అన్నారు. టికెట్‌కు జత చేసిన ఫలితాలు తెరిచి చూస్తే తేడా మూడో దశాంశంలో ఉంది.

కోడ్ తెరవకముందే ఈ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. ఇలాంటి లోపాల్లో విలువ మార్చడం తేలిక. ఆ విలువ దేనికోసం పెట్టారో తెలియకుండా మారిస్తే మాత్రం ఒకచోట నొక్కితే ఇంకోచోట పైకి లేస్తుంది. మూడో ఫిర్యాదు అలా పుట్టిందేనని అప్పటికే అనుమానం వచ్చింది.

మొదటి పరిశీలన

ఆగని ఒక ఫైల్ తీసుకుని లాగ్ చూశాను. ప్రతి అడుగుకీ 0.707107, 0.707107, 0.707107 అని వస్తోంది. విలువ కదలడమే లేదు, అయినా 'ఇంకా దగ్గరకు రాలేదు' అంటోంది ప్రోగ్రాం. టీమ్ దీన్ని కంపైలర్ లోపమనుకుని కొంతకాలం ఆ దారిన వెతికింది.

లాగ్ ఆరు అంకెలే చూపిస్తోంది. 17 సార్థక అంకెలతో ముద్రించమన్నాను. డబుల్ రకం (64 బిట్లలో దాచే ఫ్లోటింగ్ పాయింట్) సంఖ్యలు రెండు వేర్వేరైతే 17 అంకెల్లో ఆ తేడా కనబడి తీరుతుంది. అప్పుడు వచ్చిన వరుస ఇది: 0.70710678118654746, తర్వాత 0.70710678118654757, మళ్లీ 0.70710678118654746, మళ్లీ 0.70710678118654757. అసలు జవాబు 1ని 2 వర్గమూలంతో భాగిస్తే వచ్చేది, అంటే 0.7071067811865475244 దగ్గర ఉంటుంది. అది ఈ రెండు సంఖ్యల నడుమ పడుతోంది. ఆ రెండింటి మధ్య డబుల్‌లో ఇంకో సంఖ్యే లేదు. లెక్క చేరగలిగినంత దగ్గరికి చేరిపోయింది, రౌండింగ్ వల్ల అటొకసారి ఇటొకసారి ఊగుతోంది. దగ్గరికొచ్చిందని గుర్తించాల్సిన షరతు దాన్ని గుర్తించడం లేదు.

ఆ షరతు ఇలా ఉంది: కొత్త విలువకీ పాత విలువకీ తేడా, 4 రెట్ల డబుల్.ఎప్సిలాన్ కంటే తక్కువైతే ఆగు. పాత కోడ్‌లో ఇదే చోట 4 రెట్ల డీబీఎల్_ఎప్సిలాన్ ఉంది. మార్చినవారు ఒక భాషలోని పేరుకు రెండో భాషలో అదే పేరున్నదాన్ని పెట్టారు. చూడ్డానికి సహజమైన పనే.

ఆ రెండూ ఒకటి కావు. సీ, సీ ప్లస్ ప్లస్‌లలో ఆ పేరుకు అర్థం 1కీ, దాని తర్వాతి డబుల్ సంఖ్యకీ మధ్య ఉన్న ఖాళీ. అది 2⁻⁵², అంటే సుమారు 2.22 × 10⁻¹⁶. పైథాన్‌లో ఎప్సిలాన్ అన్నా ఇదే, జావాస్క్రిప్ట్‌లోకి 2015లో వచ్చిన ఎప్సిలాన్ కూడా ఇదే. సీ షార్ప్‌లో మాత్రం డబుల్.ఎప్సిలాన్ అంటే సున్నాకు పైన డబుల్ చూపగలిగిన అతి చిన్న సంఖ్య, సుమారు 4.94 × 10⁻³²⁴. జావాలో దీని పేరు మిన్_వాల్యూ. ఒకటి రెండోదానికి 10³⁰⁷ రెట్లకు పైనే ఉంటుంది. 0.7 దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య ఖాళీయే 1.1 × 10⁻¹⁶ కాబట్టి, తేడా 10⁻³²³ కంటే తక్కువ కావాలంటే అది అచ్చంగా సున్నా కావాల్సిందే. 'దాదాపు సమానమా?' అని అడగాల్సిన లైన్ 'అచ్చంగా సమానమా?' అని అడుగుతోంది. ఎక్కువ ఫైళ్లలో లెక్క ఒకే సంఖ్య మీద కుదురుకుంటుంది కాబట్టి టెస్టులు పాసయ్యాయి. ఊగిసలాట ఉన్న ఫైళ్లలో దొరికిపోయింది.

ఆ విలువ ఎందుకు ఎంచుకున్నారు

మార్చిన ఇంజనీరు గణితం చదివి వచ్చిన ఆవిడ. పేరు కలిసిందని మాత్రమే ఆవిడ దాన్ని పెట్టలేదు. విలువ ఎంతో కూడా చూశారు. చూశాక ఇంకా నమ్మకం కలిగిందట. "సార్, ఎప్సిలాన్ ఎంత చిన్నదైతే అంత మంచిది కదా? అవధి (లిమిట్) నిర్వచనమే అది" అన్నారు.

ఆ మాటను తోసిపుచ్చకుండా విడమరిచి చెప్పడం అవసరమనిపించింది. అవధిని ఎప్సిలాన్‌తో చెప్పే పద్ధతి గణితజ్ఞుడు కోషీ 1821లో రాసిన పుస్తకంలోనే మొదలై, తర్వాతి గణితజ్ఞుడు వైయర్‌స్ట్రాస్ పాఠాల్లో ఇప్పుడు మనం చదివే రూపానికి వచ్చింది. సున్నా కంటే పెద్దదైన ఏ ఎప్సిలాన్ ఇచ్చినా, దానికి తగిన డెల్టా అనే ఇంకో హద్దు ఒకటి ఉంటుంది. ఇందులో ఎప్సిలాన్ ఒక సంఖ్య కాదు, ఎదుటివాళ్లు పెట్టే షరతు. వాళ్లు ఎంత కావాలంటే అంత బిగించవచ్చు, జవాబు చెప్పాల్సింది మనం. వాస్తవ సంఖ్యల్లో ఖాళీలు లేవు కాబట్టి ఎంత బిగించినా జవాబు ఉంటుంది. డబుల్ సంఖ్యల్లో ఖాళీలున్నాయి. ఖాళీ కంటే చిన్న షరతు పెడితే దాన్ని తీర్చే సంఖ్యే ఉండకపోవచ్చు. ఇంకోటి, ఆ షరతు పెట్టాల్సింది ప్రోగ్రాం కాదు. ఎంత కచ్చితత్వం కావాలో డ్రాయింగు వాడేవాళ్లు చెప్పాలి, ఎన్ని అడుగులు పడతాయో ప్రోగ్రాం చూసుకోవాలి. ఇక్కడ ఆ పాత్రలు తారుమారయ్యాయి.

రెండో ఫిర్యాదుకు మూలం ఇంకొక ఇంజనీరు చేసిన మార్పు. ఆయన మెషీన్ లెర్నింగ్ నుంచి వచ్చారు. అక్కడ ఎప్సిలాన్ అంటే హారం సున్నా కాకుండా కలిపే చిన్న సంఖ్య. మోడల్‌కు నేర్పించడానికి వాడే ఆడమ్ అనే ఆప్టిమైజర్‌లో మామూలుగా అది 10⁻⁸ ఉంటుంది. ఆ అలవాటుతో, వాలుతో భాగించే చోటల్లా హారానికి డబుల్.ఎప్సిలాన్ కలిపారు. అది రెండు విధాలా పనికిరాలేదు. హారం మామూలు సంఖ్యైతే 10⁻³²⁴ కలిపినా ఏమీ మారదు. హారం సున్నా అయినప్పుడు 1ని దాంతో భాగిస్తే డబుల్ పట్టగల హద్దు దాటిపోయి అనంతం వస్తుంది. రెండు వంపులు తాకీ తాకనట్టు రాసుకుపోయే చోట వాలు సున్నా అవుతుంది, విలువ అనంతానికి పోతుంది, తర్వాతి అడుగులో అనంతంలోంచి అనంతం తీసేసి 'సంఖ్య కాదు' వస్తుంది. దాన్ని దేనితో పోల్చినా 'తక్కువా?' అన్న ప్రశ్నకు వచ్చే జవాబు 'కాదు' అనే. అందుకే అక్కడా లూప్ ఆగలేదు. రక్షణ కోసం రాసిన లైన్ లోపాన్ని దాచి, వెతకడం కష్టం చేసింది. హారం సున్నా అయ్యే చోటును పట్టుకుని విడిగా చూడటమే సరైన పని అని నా అభిప్రాయం. అక్కడ వాలును వాడి జవాబుకు దగ్గరయ్యే న్యూటన్ పద్ధతి వదిలి, వ్యవధిని సగానికి సగం కోస్తూ వెళ్లే పద్ధతికి మారమన్నాను.

పని చేయనివి

నేను రాకముందు టీమ్ మొదట చేసింది, డబుల్.ఎప్సిలాన్ తీసేసి 10⁻⁹ పెట్టడం. ఫిర్యాదు వచ్చిన ఫైల్ బాగుపడింది. కొన్నాళ్లకు సర్వే కొలతలున్న ఒక ఫైల్ వచ్చింది, నిర్దేశాంకాలు మిల్లీమీటర్లలో, 500 కోట్ల చుట్టూ ఉన్నాయి. అంత పెద్ద సంఖ్యల దగ్గర పక్కపక్క డబుల్‌ల మధ్య ఖాళీ 2⁻²⁰, సుమారు 9.5 × 10⁻⁷. 10⁻⁹ అనేది ఆ ఖాళీలో వెయ్యో వంతు. మళ్లీ అచ్చంగా సమానత అడిగినట్టే అయింది, మళ్లీ ఆగలేదు.

దాంతో 10⁻⁶ చేశారు. సర్వే ఫైల్ ఆగింది, అదీ బొటాబొటిగా, ఖాళీ కంటే హద్దు కాస్త పెద్దది కావడం వల్ల. అప్పుడే రంధ్రాలు మాయం కావడం మొదలైంది. యూనిట్ మీటర్ అనుకున్నా 10⁻⁶ అంటే ఒక మైక్రోమీటర్. దాదాపు మిల్లీమీటర్ ఎడం ఉన్న బిందువులు ఎందుకు కలిసిపోతున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇది కోడ్ చదివితేనే తెలిసింది. బిందువులను కలిపే చోట వర్గమూలం తీసే ఖర్చు తప్పించడానికి దూరం వర్గాన్నే పోలుస్తున్నారు. పోల్చేది 'ఎప్స్2' అనే విలువతో. పాత కోడ్‌లో ఎప్స్2 అంటే ఎప్సిలాన్ వర్గం. మార్చిన కోడ్‌లో దాన్ని రెండో ఎప్సిలాన్ అనుకుని, మొదటిదానికి ఇచ్చిన విలువే దీనికీ ఇచ్చారు. దూరం వర్గం 10⁻⁶ కంటే తక్కువంటే దూరం 10⁻³ కంటే తక్కువ. కలిపే దూరం అసలు ఒక మిల్లీమీటర్ అన్నమాట. 10⁻⁹ ఉన్నప్పుడు ఇదే తప్పు 0.03 మిల్లీమీటర్ దూరానికి సమానం, కాబట్టి ఎవరి కంటా పడలేదు.

తర్వాత ఒకరు సాపేక్ష తేడా వాడదామన్నారు, అంటే తేడాను ఆ సంఖ్య పరిమాణంతో భాగించి చూడటం. పెద్ద సంఖ్యలకు బాగానే ఉంటుంది. సున్నా దగ్గర మాత్రం నిలవదు: ఒక విలువ 10⁻¹⁷, రెండోది సున్నా అయితే సాపేక్ష తేడా నూటికి నూరు శాతం. అక్షం మీద పడే ప్రతి బిందువుకూ ఇదే గతి. ఈ సూచన వద్దనడానికి నాకు ఇంకా బలమైన కారణం ఒకటుంది. డ్రాయింగులో మూలబిందువు ఎక్కడన్నది గీసినవాళ్ల ఇష్టం. బొమ్మను మొత్తంగా పక్కకు జరిపితే సాపేక్ష హద్దు మారిపోతుంది, ఇంతకుముందు వేరుగా ఉన్న రెండు బిందువులు ఒకటైపోతాయి. బొమ్మ జరిపితే జవాబు మారే జ్యామితి ప్రోగ్రాం ఎవరికీ పనికిరాదు.

పని చేసింది

ఇక్కడ నాకు దారి చూపింది టీమ్‌లోని సీనియర్ వాడే యాస. ఆయన ప్రతి చిన్న విషయాన్నీ ఎప్సిలాన్ అంటారు. టికెట్‌లో 'పట్టించుకోనక్కర్లేనంత' అని చదివింది ఆయనే. ఈ వాడుక పాత ప్రోగ్రామర్లది, 1975లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన జార్గన్ ఫైల్ అనే పదకోశంలో దీనికి విడిగా వివరణే ఉంది. పది లక్షల డాలర్ల సూపర్ కంప్యూటర్ కొంటే, దానికి పెట్టే వెయ్యి డాలర్ల టెర్మినల్ ఖర్చు ఎప్సిలాన్, రెండింటినీ కలిపే పది డాలర్ల కేబుల్ ఖర్చు ఎప్సిలాన్ వర్గం అని అందులోని ఉదాహరణ. గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ చిన్నపిల్లల్ని ఎప్సిలాన్‌లు అని పిలిచేవాడు, అదీ ఈ కోవలోదే. యాస కదా అని దీన్ని పక్కనబెట్టేస్తారు చాలామంది. నా దృష్టిలో ఆ నాలుగు అర్థాల్లో ఈ కోడ్‌కు ఎక్కువ ఉపయోగపడింది ఇదే. వెయ్యి డాలర్లు దానంతటది చిన్న మొత్తం కాదు, పది లక్షల పక్కన పెట్టినప్పుడే చిన్నది. పోలిక ఆ మాటలోనే ఉంది. కోడ్‌లో రాసిన 10⁻⁹లో ఆ పోలిక లేదు.

సీనియర్‌ని అడిగిన ప్రశ్న ఒకటే: పాత ప్రోగ్రాంలో ఎప్సిలాన్ దేని పక్కన చిన్నది? ఆయన పాత కోడ్ తిరగేసి, మార్పులో ఎగిరిపోయిన ఒక ఫంక్షన్ పట్టుకున్నారు. లెక్క మొదలుపెట్టే ముందు అది డ్రాయింగు మొత్తాన్నీ ఒక యూనిట్ పెట్టెలోకి కుదించేది. మీటర్లయినా మిల్లీమీటర్లయినా, సర్వే అయినా చిన్న భాగమైనా, అన్నీ 0 నుంచి 1 లోపల పడేవి. 4 రెట్ల డీబీఎల్_ఎప్సిలాన్ అక్కడ అర్థవంతంగా పనిచేసింది, ఎందుకంటే పోల్చేది ఎప్పుడూ 1తోనే. అదనపు పని అనుకుని కొత్త టీమ్ దాన్ని తీసేసింది. చిన్నతనాన్ని నిర్ణయించే కొలబద్ద ఆ ఫంక్షన్‌తోపాటే పోయింది.

దాన్ని తిరిగి పెట్టాం, రెండు జాగ్రత్తలతో. కుదించే గుణకం ఎప్పుడూ 2 ఘాతమే ఉండాలి. అలా అయితే గుణించినా భాగించినా ఘాతాంకం మాత్రమే మారుతుంది, కొత్త రౌండింగ్ దోషం చేరదు. బొమ్మను ముందు మధ్యకు జరిపి, ఆ తర్వాతే కుదించాలి. సర్వే ఫైల్‌లోలా బిందువులన్నీ మూలబిందువుకు చాలా దూరంలో, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడు ఆ తీసివేతలో దోషం ఉండదు: ఒకే గుర్తున్న రెండు సంఖ్యల్లో ఏదీ పరిమాణంలో రెండోదానికి రెట్టింపు మించకపోతే వాటి తేడా డబుల్‌లో కచ్చితంగా వస్తుంది. స్టెర్బెంజ్ ఫలితం అంటారు దీన్ని.

పేర్ల విషయంలో నేను పట్టుబట్టాను. ఎప్సిలాన్ అనే పేరు ఒక్క చోటే మిగలాలి, 2⁻⁵² అనే యంత్ర స్థిరాంకానికి. కొందరు సంఖ్యా విశ్లేషకులు 2⁻⁵³ను యంత్ర ఎప్సిలాన్ అంటారు కాబట్టి ఏది మనదో కామెంట్‌లో రాశాం. మిగతావి పని పేర్లతో పిలవాలి. లూప్ ఆపేది 'ఆగే హద్దు', అది కుదించిన బొమ్మలో యంత్ర ఎప్సిలాన్‌కు చిన్న గుణిజం. బిందువులను కలిపేది 'కలిపే దూరం', అది డ్రాయింగు యూనిట్లలో వాడకందారు ఇచ్చేది, ఫ్లోటింగ్ పాయింట్‌తో దానికి సంబంధం లేదు. వర్గంతో పోల్చే చోట పేరులోనే 'దూరం వర్గం' అని ఉండాలి. హారానికి ఏదో కలపడం పూర్తిగా ఆపేశాం. లూప్‌కు గరిష్ఠ అడుగుల సంఖ్య పెట్టి, అది దాటితే చివరి రెండు విలువలూ 17 అంకెల్లో చూపించి తప్పుకోమన్నాం. ఆగలేదని చెప్పడం ఏదో ఒక జవాబిచ్చి ఊరుకోవడం కంటే మేలు.

ఆగని ఫైళ్లన్నీ ఆగాయి. రంధ్రాలు తిరిగొచ్చాయి. మూసేసిన టికెట్ మళ్లీ తెరిచారు. మూడో దశాంశం తేడాకు కారణం కూడా ఆ కలిపే దూరమేనని తేలింది.

నేర్చుకున్నవి

వేరే భాషలోకి మార్చేటప్పుడు స్థిరాంకాలను పేరుతో కాక విలువతో సరిచూడాలి. పాత ప్రోగ్రాంలోనూ కొత్తదానిలోనూ ముద్రించి పక్కపక్కన పెట్టడానికి నిమిషం పట్టదు.

హద్దు చిన్నదైనకొద్దీ మంచిదనే భావన గణితం బాగా వచ్చినవాళ్లలోనే ఎక్కువగా చూస్తుంటాను. వాళ్లకు ఫ్లోటింగ్ పాయింట్ నిర్వచనం చెప్పడం కంటే, 1 దగ్గరా 500 కోట్ల దగ్గరా పక్కపక్క సంఖ్యలను ముద్రించి చూపిస్తే తొందరగా పడుతుంది.

టికెట్లలో, కామెంట్లలో ఎప్సిలాన్ అని రాసినప్పుడు పక్కన అంకె ఉండాలని టీమ్ నియమం పెట్టుకుంది. యాసను ఆపమనలేదు, మాట్లాడుకునేటప్పుడు హాయిగా వాడుకోవచ్చు. ఈ అక్షరం చిన్నదాన్నే సూచిస్తుందన్న హామీ కూడా లేదు. ఆటోమేటా (గణన యంత్రాల సిద్ధాంతం) చదివినవాళ్లకు అది ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని పదం. 1936లో గెంట్‌జెన్ అంకగణితంలో అంతర్విరోధం లేదని నిరూపించడానికి వాడిన 'ఎప్సిలాన్-సున్నా' అనేది అనంతమైన ఆర్డినల్ (వరుసక్రమాన్ని తెలిపే సంఖ్య).

మిగిలిపోయినది

కలిపే దూరంతో ఒక ఇబ్బంది అలాగే ఉంది. ఒక బిందువు రెండోదానికి దగ్గర, రెండోది మూడోదానికి దగ్గర, కానీ మొదటిదీ మూడోదీ దూరం. మూడింటినీ కలపాలా, రెండింటినేనా? మొదట తగిలినవాటిని కలుపుకుంటూ పోతే, ఫైల్‌లో బిందువుల వరుస మారితే ఫలితం మారుతుంది. ఏ హద్దు పెట్టినా ఇది పోదు, ఎందుకంటే 'దగ్గర' అనే సంబంధం సమానతలా ఒకరి నుంచి ఒకరికి పాకదు. టీమ్ ప్రస్తుతానికి గొలుసులా తగులుకున్నవన్నీ ఒకే గుంపుగా కలుపుతోంది. వరుస మారినా జవాబు మారదు కాబట్టి నేనూ ఒప్పుకున్నాను. గొలుసు పొడవు కలిపే దూరానికి మూడు రెట్లు దాటితే మాత్రం కలపకుండా వాడకందారుకే చూపించి అడుగుతోంది.